పెరూకు వెళ్తే ముందు లోయలోకి దిగండి

అమెరికాలో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కు రెండు రోజుల సెలవు కలిపి వేసుకునే పెరూ ప్లాన్ తరచుగా ఇలా ఉంటుంది. మొదటి రాత్రి లీమా. రెండో రోజు పొద్దున్నే కుస్కోకు విమానం, మధ్యాహ్నం ఊళ్లో సిటీ టూర్. మూడో రోజు, ఒకప్పుడు ఈ కొండలనేలిన ఇన్కాలు కట్టిన మాచు పిచ్చు. నాలుగో రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి రెయిన్‌బో మౌంటెన్. ఐదో రోజు తిరుగు ప్రయాణం. ఇండియా నుంచి వచ్చేవాళ్ల ప్యాకేజీల్లో రోజులు కాస్త ఎక్కువ ఉంటాయేమో గానీ వరస మాత్రం దాదాపు ఇదే. ఈ వరస తప్పని నా వాదన. మ్యాపులో దూరాలు చూసి గీసిన ప్లాన్ ఇది. ఈ కొండల్లో మీ ఒంటిని, మీ నిద్రను, మీరు ఏం చూడగలరన్నదాన్ని నడిపించేది ఎత్తు.

అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. లీమా సముద్రం ఒడ్డున ఉంది. కుస్కో 3,400 మీటర్ల మీద. మాచు పిచ్చు 2,430. అంటే అందరూ కొండ శిఖరమనుకునే మాచు పిచ్చు, కుస్కో కంటే దాదాపు కిలోమీటరు కిందే ఉంది. దాని అడుగున రైలు ఆగే ఊరు అగ్వాస్ కాలియెంతెస్ ఇంకా కింద, 2,040. కుస్కోకూ మాచు పిచ్చుకూ మధ్య ఉరుబాంబా నది పారే పవిత్ర లోయ. అందులోని ఒయాంతాయ్‌తాంబో, ఉరుబాంబా, పీసాక్ ఊళ్లు 2,800 నుంచి 3,000 మీటర్ల లోపు. తితికాకా సరస్సు 3,812. రెయిన్‌బో మౌంటెన్ అని పిలిచే వినికుంకా 5,000 దాటుతుంది.

మనం పుట్టి పెరిగిన ఎత్తులు వీటికి ఏ మూలకూ రావు. హైదరాబాదు 540 మీటర్ల చిల్లర, ఏడుకొండలూ ఎక్కితే తిరుమల 850 చిల్లర, అరకు 900 చిల్లర. కేదార్‌నాథ్ వెళ్లొచ్చినవాళ్లకు కుస్కో గాలి ఎలా ఉంటుందో కొంత తెలుసు, ఆ గుడి 3,580 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి. అక్కడికి గౌరీకుండ్ నుంచి నడుచుకుంటూ ఎక్కుతారు. కుస్కోకైతే లీమాలో విమానం ఎక్కిన గంటన్నర లోపే దిగిపోతారు. లేహ్‌కు విమానంలో వెళ్లి మొదటి రోజంతా మంచం దిగలేకపోయినవాళ్లు మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే, వాళ్లను అడిగితే ఇది ఇంకా బాగా చెప్తారు.

అక్కడ ఒంట్లో జరిగేది ఇది. ఆక్సిజన్ శాతం ఎంత ఎత్తుకెళ్లినా 21 చుట్టూనే ఉంటుంది, మారదు. పడిపోయేది గాలి పీడనం. కుస్కోలో అది సముద్రమట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులు, వినికుంకా మీద సగానికి కాస్త ఎక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం గబగబా ఊపిరి తీస్తుంది. అలా తీసినకొద్దీ కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. దాంతో మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. నిద్రలో ఇది బాగా తెలుస్తుంది. కొన్ని క్షణాలు ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి లేచి రొప్పుతారు. మూత్రపిండాలు రక్తంలో క్షారం పెంచే అదనపు బైకార్బనేట్‌ను బయటికి పంపేస్తేనే ఆ కళ్లెం సడలుతుంది. ఆ పనికి రెండు మూడు రోజులు పడుతుంది, తొందరపెట్టినా తెమలదు. మొదటి రాత్రి తలనొప్పి, కడుపులో తిప్పడం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఈ ఆలస్యంలో వచ్చేవే. రోజూ జిమ్‌కు వెళ్లే కుర్రాడికి కూడా ఇందులో మినహాయింపు లేదు. ఒంట్లో సత్తువ ఉందని మొదటి రోజే మెట్లన్నీ ఎక్కేస్తాడు కాబట్టి అతనికే ముందు దెబ్బ తగలొచ్చు.

డాక్టర్లు దీనికి రాసే ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్ పేరుతో దొరికే మాత్ర, ఆ బైకార్బనేట్‌ను త్వరగా బయటికి తోస్తుంది. పెద్దవాళ్లకు మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఎత్తుకు వెళ్లే ముందురోజు మొదలుపెట్టి. సల్ఫా మందులు పడనివాళ్లు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు తమ ఊళ్లోనే డాక్టరును అడగాలి, కుస్కో మందుల షాపులో కాదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి, సోడా చప్పగా అనిపిస్తుంది. ఇవి మందు గుణాలే, కంగారు పడక్కర్లేదు. హోటళ్లలో ఊరికే పోసే కోకా ఆకుల టీ తాగండి, కడుపులో హాయిగా ఉంటుంది. అది తాగాం కదా అని కొండెక్కడం మాత్రం పొరపాటు. ఆ ఆకులు పెరూలో చట్టబద్ధమే గానీ ఇండియాకో అమెరికాకో సంచిలో వేసుకొస్తే నేరం. టీ తాగినా కొన్ని రోజుల పాటు మూత్ర పరీక్షలో బయటపడుతుంది, ఉద్యోగం కోసం డ్రగ్ టెస్టు ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లి కిందికి దింపాలి.

వీటన్నిటికంటే గట్టి మందు ప్లాన్ వరస మార్చడం, దానికి పైసా ఖర్చు లేదు. కుస్కోలో విమానం దిగగానే ఊళ్లోకి పోకుండా ఎయిర్‌పోర్టు నుంచే కారులో లోయలోకి దిగిపోండి. ఒయాంతాయ్‌తాంబో దాకా రెండు గంటల దారి. చించేరో మీదుగా వెళ్తే దారిలో 3,700 మీటర్లు దాటుతారు, దానికి భయపడక్కర్లేదు. పగలు ఎంత ఎత్తు దాటారన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారన్నదే ముఖ్యం. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని కొండలెక్కేవాళ్లు పాటించే నియమం కూడా దీని గురించే. లోయలో రెండు రాత్రులు, అగ్వాస్ కాలియెంతెస్‌లో ఒకటి, ఆ తర్వాత కుస్కోకు ఎక్కి మూడు రాత్రులు. ఇలా వస్తే కుస్కోలో అడుగుపెట్టే రోజుకు మీ మూత్రపిండాలు పని చాలావరకు పూర్తిచేసి ఉంటాయి.

లోయ అంటే ఆగి ఊపిరి పీల్చుకునే మజిలీ అనుకుంటే చాలా పోగొట్టుకుంటారు. ఒయాంతాయ్‌తాంబోలో ఇన్కాలు వేసిన వీధుల్లోనే జనం ఇప్పటికీ కాపురముంటున్నారు, వీధి పక్క రాతి కాలువల్లో నీళ్లు పారుతూనే ఉన్నాయి. కొండ మీది సూర్యాలయంలో ఆరు గులాబీ రంగు ఏకశిలలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య సన్నటి రాతి పట్టీలు బిగించారు. ఆ రాళ్లు వచ్చింది నదికి అవతలి కొండ మీది క్వారీ నుంచి. కొండ దింపి, నది దాటించి, మళ్లీ ఇటు ఎక్కించారు. దారిలోనే ఉండిపోయిన రాళ్లు కొన్ని ఇప్పటికీ అక్కడే పడున్నాయి. వాటిని అక్కడివాళ్లు అలసిపోయిన రాళ్లు అంటారు. పొద్దున్నే వెళ్లండి. కుస్కో నుంచి వచ్చే టూర్ బస్సులు దిగేది పొద్దెక్కాక.

అక్కడికి దగ్గర్లోనే మరాస్ ఉప్పుమళ్లు. కొండ లోపలి నుంచి వచ్చే ఉప్పునీటి ఊటను సన్నటి కాలువల్లో మళ్లించి, 3,000కు పైగా చిన్న మడుల్లో ఎండబెడతారు. మడులు ఊరి కుటుంబాలవి. ఉప్పు పని ఎండాకాలంలోనే, వానల్లో మడులు మట్టిరంగులో ఉంటాయి. జనవరిలో వెళ్లి తెల్లగా లేవని నిరాశపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్తే మంచిది. ఇక్కడ ఎండాకాలమంటే మే నుంచి సెప్టెంబరు దాకా. పగలు ఎండ చురుక్కుమంటుంది, జూన్, జూలై రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి పడతాయి.

మాచు పిచ్చు దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు టిక్కెట్టు కొనేటప్పుడే జరిగిపోతాయి. టిక్కెట్టు మీద తేదీతో పాటు లోపలికి వెళ్లే గంట, నడవాల్సిన దారి కూడా రాసి ఉంటాయి. 2024 నుంచి లోపల మూడు సర్క్యూట్లు, వాటిలో పది దారులు. ఒకటో సర్క్యూట్ పైనుంచే పోతుంది. ఫొటోల్లో చూసే దృశ్యం దొరుకుతుంది గానీ నగరంలోకి దిగనివ్వరు. రెండోది ఆ దృశ్యం చూపించి నగరంలోకీ తీసుకెళ్తుంది. మూడోది కిందిభాగం. వైనా పిచ్చు శిఖరం ఎక్కే టిక్కెట్టు ఈ మూడోదానితో ముడిపడి ఉంది. ఎక్కువ డబ్బు పెట్టి వైనా పిచ్చు కొనుక్కుని, ఇన్నాళ్లూ ఫొటోలో చూసిన చోటికి వెళ్లనివ్వలేదని గేటు దగ్గర వాదించేవాళ్లు ఉంటారు. కాపలావాళ్ల చేతిలో ఏమీ లేదు. దారి ఒకవైపే, వెనక్కి తిరగనివ్వరు, ఒకసారి బయటికొస్తే అదే టిక్కెట్టు మీద మళ్లీ లోపలికి పోనివ్వరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది రెండో సర్క్యూట్. వైనా పిచ్చు కూడా కావాలంటే వేరు వేరు గంటలకు రెండు టిక్కెట్లు కొనాలి.

టిక్కెట్లను పెరూ సాంస్కృతిక శాఖ వెబ్‌సైటులో నెలల ముందే కొనండి, జూన్ నుంచి ఆగస్టు అయితే మరీ ముందే. రోజుకు ఇంతమందికే ప్రవేశం, మామూలు రోజుల్లో 4,500, కొన్ని రద్దీ రోజుల్లో 5,600. కొన్ని టిక్కెట్లు అగ్వాస్ కాలియెంతెస్‌లో కౌంటరు దగ్గర అమ్ముతారు, కానీ క్యూలో ఒక రోజు పోతుంది, అడిగిన సర్క్యూట్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. పేరు, నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం ఇక్కడ ఖరీదైన వ్యవహారం, పాస్‌పోర్టు తెరిచి పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూపించాలి. లోపల మరుగుదొడ్లు లేవు, గేటు బయటే ఉన్నాయి. పెద్ద సంచులను లోపలికి పోనివ్వరు. రైల్లోనూ చేతిసంచికే అనుమతి కాబట్టి పెద్ద పెట్టెలు ఒయాంతాయ్‌తాంబో హోటల్లో వదిలి వెళ్లండి. లోయలో బస పెట్టుకోవడంలో ఇదీ ఒక లాభమే. అక్కడి నుంచి రైలు గంటా నలభై అయిదు నిమిషాలు. అగ్వాస్ కాలియెంతెస్‌కు కారు దారి లేదు, వెళ్తే రైలు, లేదంటే నడక.

ఆరింటి టిక్కెట్టు కొంటే సూర్యోదయం చూడొచ్చన్నది చాలామంది నమ్మకం. అడవిని ఆనుకున్న చోటు కాబట్టి పొద్దున్నే మబ్బు కమ్మేసి ఎదుటి మనిషి కూడా సరిగా కనబడని రోజులుంటాయి. వానాకాలంలో అయితే ఎనిమిది, తొమ్మిది గంటల టిక్కెట్టే నయం.

లోపలికి వెళ్లాక గైడు చెప్పే దేవతల కథలు వినండి, కాదనను. కానీ కళ్లు మాత్రం నీళ్ల మీద పెట్టండి. ఇక్కడ ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాదుకు రెండింతలకు మించి. రెండు శిఖరాల మధ్య ఇరుకైన గట్టు మీద 15వ శతాబ్దంలో పచకూతి చక్రవర్తి కాలంలో కట్టిన ఊరు, అంత వాన మీద పడుతున్నా జారి నదిలో పడకుండా నిలబడటానికి కారణం రాళ్ల బరువు ఒక్కటే కాదు. మెట్టు పొలాల్లో అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, దాని మీద ఇసుక కలిసిన మట్టి, అన్నిటికంటే పైన సాగుమట్టి పరిచారు. వాన నీరు గోడను తోయకుండా నిలువునా కిందికి ఇంకిపోతుంది. గోడల అడుగున, వీధి మలుపుల్లో నీరు పోవడానికి చిన్న తూములు వదిలారు. అవి నూటికి పైనే లెక్కతేలాయి. తాగునీరు వేరే దారి. కొండ వాలున ఉన్న ఊట నుంచి 749 మీటర్ల రాతి కాలువ తవ్వి, ఊరి మధ్య మెట్ల వెంబడి 16 జలధారలుగా ఒకదాని కింద ఒకటి దింపారు. మొదటి ధార రాజు ఇంటి పక్కన ఉంటుంది. ఒక ధార దగ్గర ఆగి రాతి అంచు చూస్తే, నీరు గోడ వెంట జారకుండా దూరంగా ఎగిసిపడేలా మలిచారని తెలుస్తుంది. కుండ నిండాలి కదా! చెరువులు, తూములు, కలుజులు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ అంచు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

1911లో అమెరికన్ అన్వేషకుడు హిరామ్ బింగమ్ దీన్ని కనిపెట్టాడని రాసే మాట ఇక మానెయ్యాలి. ఆయన వచ్చేసరికి ఆ మెట్టు పొలాల్లో రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి, దారి చూపించింది స్థానికుడైన మెల్చోర్ ఆర్తియాగా. బింగమ్ తీసుకెళ్లిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయంలో వందేళ్ల దాకా ఉండి 2011, 2012లో తిరిగొచ్చాయి. కుస్కోలోని కాసా కొంచా మ్యూజియంలో వాటిని చూడొచ్చు. పెద్ద జనం కూడా ఉండరు.

లోయ, కుస్కో తర్వాత తితికాకా. లీమా నుంచి నేరుగా విమానంలో హులియాకా దిగి, ఆ సాయంత్రమే సరస్సు ఒడ్డున పూనోలో 3,830 మీటర్ల దగ్గర పడుకోవడం కుస్కో తప్పును ఇంకాస్త పెద్దది చేసి చేయడమే. కుస్కోలో మూడు రాత్రులయ్యాక పగటి బస్సులో వెళ్లండి. 4,300 మీటర్లు దాటే లా రాయా కనుమ దారిలో వస్తుంది. సరస్సులో తోతోరా రెల్లుతో అల్లిన ఊరోస్ దీవులు తొందరగా చూసి, తకీలే దీవికి ఎక్కువ సమయం ఉంచండి. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్లు. రేవు నుంచి ఊరికి 500కు పైగా మెట్లు, ఇరవై అడుగులకోసారి ఆగాలి.

రెయిన్‌బో మౌంటెన్ మాటకొస్తే, ఎత్తులో కనీసం అయిదు రాత్రులు గడపనిదే వద్దు. తెల్లవారుజామున నిద్ర లేకుండా, కడుపులో ఏమీ లేకుండా బయల్దేరి 5,000 మీటర్లకు ఎక్కించే యాత్ర అది. వానాకాలంలో మంచు కప్పితే రంగులు కనబడవు. రోజులు తక్కువైతే నేను మొదట కొట్టేసేది దీన్నే.

శాకాహారులకు ఒక జాగ్రత్త. కార్నే అంటే అక్కడ చాలామందికి గొడ్డు మాంసమే, కోడి ఆ లెక్కలోకి రాదు. కాబట్టి సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో అని మూడూ చెప్పాలి. కినోవా సూప్ చూడ్డానికి శాకాహారమే, లోపల కోడి ఉడికించిన నీళ్లుంటాయి, కాల్దో దే పోయో ఉందా అని అడగండి. చోక్లో కోన్ కేసో, అంటే ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న పొత్తు, పక్కన జున్నులాంటి చీజ్ ముక్క, ఏ సంతలోనైనా దొరుకుతుంది. కారం కావాలంటే రొకోతో పచ్చడి అడగండి. ఆ మిరపకాయ చూడ్డానికి టమాటాలా ఉంటుంది, తక్కువగా వేసుకోండి. మనం మనదే అనుకునే వేరుశెనగ కూడా ఈ ఖండం నుంచి వచ్చిందే. ఉత్తర తీరంలో, ఇన్కాలకు ముందటి పాలకుడు సిపాన్ ప్రభువు సమాధిలో బంగారు, వెండి వేరుశెనగ కాయలతో చేసిన హారం దొరికింది, లాంబయేకే మ్యూజియంలో ఉంది. అనంతపురంవాళ్లు ఆ అద్దాల పెట్టె ముందు కాసేపు నిలబడాల్సిందే.

కాగితాల సంగతి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా ఇంకా ఆరు నెలలు చెల్లుబాటయ్యేది ఉన్న భారతీయులకు పెరూ వీసా అక్కర్లేదు, లేనివాళ్లు ఢిల్లీలోని ఎంబసీకి దరఖాస్తు చేయాలి. బయల్దేరే ముందు నిబంధన మరోసారి చూసుకోండి. చాలామంది మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. పెరూ విడిచిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఆ కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు, మీరు అమెజాన్ వైపు వెళ్లకపోయినా సరే. టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది.

ఇక కుస్కో, చివరికి ఉంచుకున్నది. మొదటి రోజు తలనొప్పితో చూసేవాళ్లకు ఈ ఊరు ఎత్తుపల్లాల వీధుల గుంపు. లోయ నుంచి మెల్లగా ఎక్కి వచ్చేవాళ్లు సాన్ బ్లాస్ పేట మెట్లు మాట్లాడుకుంటూ ఎక్కుతారు. కొరికాంచాలో ఇన్కా సూర్యాలయం గోడల మీదే స్పానిష్‌వాళ్లు మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం బాగా దెబ్బతింది, కింది ఇన్కా గోడలు నిలిచాయి. వాటి పక్కన నిలబడి చూస్తే, సున్నం లేకుండా పేర్చిన రాళ్లు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి, తలుపులు పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటాయి. పదిహేనుకు పైగా చోట్లు చూపించే బొలెతో తురీస్తికో టిక్కెట్టు పది రోజులు చెల్లుతుంది, లోయలోనే కొనుక్కుంటే కుస్కో పైనున్న ఇన్కా కట్టడం సాక్సాయ్‌వమాన్ దాకా పనికొస్తుంది. కొరికాంచాకు మాత్రం వేరే టిక్కెట్టు.

ఈ కొండల్లో ఒక్కో ఎత్తుకు ఒక్కో పంట. లోయలో మొక్కజొన్న, దాని పైన బంగాళాదుంప, 4,000 దాటాక ఉన్ని కోసం పెంచే అల్పాకాల మేత. ఒకే కుటుంబం, ఒకే ఊరు రెండు మూడు ఎత్తుల్లో భూమి ఉంచుకుని, కింది గింజ పైకి, పైది కిందికి మార్చుకుంటూ బతికింది. కింది నుంచి మెల్లగా ఎక్కినవాళ్లకు ఈ మెట్లన్నీ దారిలోనే కనబడతాయి. కుస్కోలో సాన్ పెద్రో సంతకు వెళ్లి దుంపలమ్మే అమ్మల వరస దగ్గర ఆగండి. గోనెల్లో నల్లటి, ముడతలు పడ్డ గులకరాళ్లలాంటివి ఉంటాయి. అది చూన్యో, బంగాళాదుంప ఒరుగు. 3,800 మీటర్ల పైన, జూన్ చలిలో, దుంపలను రాత్రి ఆరుబయట పరిచి గడ్డకట్టనిస్తారు. ఎండెక్కాక మెత్తబడ్డవాటిని వట్టికాళ్లతో తొక్కి నీరంతా పిండుతారు, మళ్లీ ఎండబెడతారు. ఇలా కొన్ని రోజులు. తెల్ల రకమైతే కొన్ని వారాల పాటు పారే నీటిలో నానబెట్టి ఎండబెడతారు, దాన్ని మొరాయా అంటారు. ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మాడ్చే ఎండ, రెండూ ఒకే రోజు దొరికే చోటే ఇది తయారవుతుంది. ఒకటి చేతిలోకి తీసుకుంటే పేలాలంత తేలిగ్గా ఉంటుంది. రాత్రంతా నానబెట్టి సూప్‌లో వేస్తారు, అదే సంతలో గిన్నెలో పోసి అమ్ముతారు. కోడి నీళ్లు కలిపారేమో అడిగి తీసుకోండి.